మెడ మీది చేతులు

"జర తల పైకెత్తు సలోమీ."

అడగడం వరకే ఎలిశిబక్క మర్యాద. జవాబు కోసం ఆగలేదు. ఉల్లిగడ్డలు కోస్తున్న పీటను కాలితో పక్కకు నెట్టి, ఆ తడిచేత్తోనే సలోమి గడ్డం పట్టి పైకెత్తింది. బొటనవేలు మెడ మీద, కుడివైపు, సరిగ్గా అక్కడే దిగింది.

ఉల్లి రసం మెడకు చల్లగా అంటింది. సలోమి కళ్ళు మూసుకుంది.

ఒకసారి నొక్కి వదిలే వేలు కాదది. పిండి నానిందో లేదో చూసినట్టు చుట్టూ తిరిగింది, కిందికి జారింది, మళ్ళీ పైకి వచ్చింది.

"మింగు."

"ఏందక్కా?"

"ఉమ్మి మింగు ఒక్కసారి."

మింగకపోతే వేలు పోదు. సలోమి మింగింది.

"పైకి పోతున్నది," అంది ఎలిశిబక్క, ఎవరికో చెబుతున్నట్టు. "కదిలితే ఏమన్నడే మీ డాక్టరు?"

"కదిలితే మంచిదే అన్నడు. ఎన్నిసార్లు అడుగుతవ్?"

"పండుకుంటే దమ్ము మంచిగనే ఆడుతదా? సూది గుచ్చేటప్పుడు మస్తు నొస్తదా?"

"నొయ్యదు. చెయ్యి తియ్యక్కా."

ఎలిశిబక్క చెయ్యి తీసింది. కడుక్కోలేదు. కొంగుకు తుడుచుకుని మళ్ళీ ఉల్లిగడ్డల ముందు కూర్చుంది. పొయ్యి సెగలో కూడా ఆ కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకునే ఉంటుంది. భర్త పోయిన దగ్గర్నించీ అంతే. చర్చిలోనూ అలాగే, ప్రార్థన కూటాల్లోనూ అలాగే. భక్తి నలుగురికీ కనపడాలన్న తాపత్రయమని సలోమికి ఎప్పుడూ అనిపించేది. రెండిళ్ళ అవతలి మనిషి. కూటం ఎవరింట్లో జరిగినా వంటకు ముందుగా వచ్చేది ఆమే. వచ్చిన ప్రతిసారీ ముందు సలోమి మెడ దగ్గరికే వచ్చేది.

సలోమి పెరట్లో కుళాయి దగ్గరికి పోయి సబ్బు రుద్ది మెడ కడుక్కుంది. కడిగి కడిగి అక్కడ చర్మం మండుతోంది.

గడ్డ సంగతి బయటపడిన నాటినుంచీ ఊళ్ళో ముఖం చూసి మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. అందరి చూపూ గడ్డం కింద ఆగిపోతుంది. పాలు పోసే ఆమె నొక్కింది. జాకెట్లు కుట్టే ఆమె కొలత తీస్తున్నానంటూ నొక్కింది. రాందాస్ చౌరస్తాలో కూరగాయల బండి దగ్గర, పేరు కూడా తెలియని ఒకామె, "నువ్వేనా సౌభాగ్యమ్మ కోడలివి, ఏదీ చూపియ్యి," అని సంచీ కింద పెట్టి మరీ నొక్కింది. పోయిన కూటంలో చేతులుంచి ప్రార్థించారు. చెమట చేతులు, నూనె చేతులు, పసిపిల్లల ముక్కులు తుడిచిన చేతులు. ప్రార్థన ఒకటే అయినా అంత బరువు, అంత వాసన. ఆమెన్ అన్నాక కూడా ఒకటి రెండు చేతులు అక్కడే తచ్చాడాయి.

ముందు వాకిట్లో షామియానా లేస్తోంది. "హలో... చెక్... హలో," అంటున్నాడు సలోమి భర్త గిడియోన్. పెళ్ళిళ్ళకూ కూటాలకూ మైకు సెట్లు కిరాయికిచ్చే మనిషి. ఈ రోజు మాత్రం సొంత ఇంటి ముందే పెట్టుకున్నాడు.

ఈ సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూటం. సలోమికి స్వస్థత కలిగినందుకు. గడ్డ మాత్రం మెడలోనే ఉంది.

హైదరాబాదులో సూది గుచ్చి తీసిన చుక్కలో నెత్తురు తప్ప పరీక్షకు పనికొచ్చేదేమీ రాలేదు. మళ్ళీ తీయాలి, ఈసారి స్కానింగులో చూస్తూ తీస్తాం అని ఫోను చేశారు. ఆ ఫోను ఎత్తింది గిడియోన్. "ఏమన్నరు బిడ్డా?" అని తల్లి అడిగితే, "అందుల ఏం దొరకలేదటమ్మా," అన్నాడు. సౌభాగ్యమ్మ ఆపైన ఏమీ వినలేదు. అక్కడికక్కడే మోకాళ్ళూనింది. లేచేసరికి ఆమె చేతిలో ఫోనుంది. పొద్దుగూకేలోపు స్త్రీల సమాజం మొత్తానికీ తెలిసిపోయింది.

ఫోనులో చెప్పిన పూర్తి మాట గిడియోన్ తర్వాత గదిలో సలోమికి చెప్పాడు. ఆమె ఆ రోజే అత్తకు చెప్పబోయింది. "అవిశ్వాసపు మాటలు నా ఇంట్ల వద్దు," అంది అత్త.

*

"ఏందా ముఖం? పండుగ పూట గట్ల పెట్టుకుంటరా?"

సౌభాగ్యమ్మ వంటింట్లోకి వస్తూనే అంది. తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, ఫోను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది. ఖాళీ అయిన చెయ్యి తిన్నగా కోడలి మెడ మీదికి వచ్చింది.

"చూడు ఎలిశిబా. సగం కరిగింది. పోయినాదివారం ఇంత ఉండె."

ఎలిశిబక్క కత్తి ఆపలేదు. తలెత్తలేదు కూడా.

"కరగలే అత్తమ్మా," అంది సలోమి. "పొద్దున అద్దంల చూసిన. గట్లనే ఉన్నది."

"నువ్వు అద్దంల చూస్తున్నవ్. నేను విశ్వాసంతోని చూస్తున్న."

"రేపు మళ్ళ తీస్తరు గద. అప్పుడు అందరికి తెలుస్తది."

సౌభాగ్యమ్మ చెయ్యి మెడ మీంచి జారింది.

"రేపా? గిడియోన్ నీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె?"

అత్త అటు తిరిగింది. మాంసం తొట్టి మీది గుడ్డ ఎత్తి చూసింది. ఈగలు ఒక్కసారి లేచి మళ్ళీ వాలాయి. "ఇంకా కడగలేదా ఇది? పాస్టరయ్యగారొచ్చే టైమాయె," అని, ఎవరినీ చూడకుండా బయటికి పోయింది.

సలోమి ఆ ఈగల్ని చూస్తూ నిలబడింది. తర్వాత ఫోను తీసుకుని పెరట్లోకి నడిచింది.

*

"మేడం, రేపటిది మీ హస్బెండ్ క్యాన్సిల్ చేసిండ్రు గద," అంది క్లినిక్‌లో అమ్మాయి. "పేషెంట్‌కు తగ్గిపోయిందన్నరు."

బట్టలుతికే బండ మీద కూర్చుంది సలోమి. బండ తడిగా ఉంది. లేవాలనిపించలేదు.

"పేషెంట్‌ను నేనే."

"తగ్గలేదా మేడం?"

"తగ్గలేదు. రేపు వస్తే తీస్తరా?"

"మీ టైం వేరేవాళ్ళకు ఇచ్చినం. పొద్దుగాల్నే వచ్చి కూసుంటే మధ్యల అడిగి చూస్త. రేపు మాత్రం వదలకండి మేడం, స్కాన్ చూస్కుంట తీసే డాక్టరమ్మ ఎల్లుండి నుంచి లీవు. మళ్ళ ఎప్పుడొస్తరో నాకు గూడ తెల్వది."

"వస్త."

"ఒక్కరే రాకండి. తోడు మనిషి లేకపోతే లోపలికి పంపరు. సంతకం పెట్టాలె వాళ్ళు."

ఫోను పెట్టేశాక కూడా ఆ అమ్మాయి గొంతు చెవిలో ఉండిపోయింది. పరాయి గొంతు. వారమంతా విన్నవాటిలో మర్యాదగా మాట్లాడిన గొంతు అదొక్కటే. అది ఉద్యోగం కోసం మాట్లాడిన గొంతు.

*

గిడియోన్ స్పీకరు డబ్బాల వెనక వంగి వైరు చుడుతున్నాడు. నోట్లో తియ్యటి వక్కపొడి. తల్లికి తెలియకుండా నమిలేది. ఆ వాసన డబ్బాల మధ్య నిలిచిపోయి ఉంది.

"రేపటిది క్యాన్సిల్ చేసినవా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"చేసినవా, లేదా?"

"జర మెల్లగ మాట్లాడు. టెంటోళ్ళున్నరు."

"తగ్గిపోయిందని చెప్పినవట."

వక్కపొడి ఒక దవడ నుంచి ఇంకో దవడకు మారింది. "మరేం చెప్పాలె? కూటంల సాక్ష్యం చెప్పి తెల్లారే దవాఖానల కూసుంటే మంది ఏమనుకుంటరు? పొద్దుగాల బస్సుల సగం మనోళ్ళే ఉంటరు. జర గడవని. తర్వాత పోదాం, ఎవ్వలకు తెల్వకుంట."

"గాళ్ళు ఫోన్ల చెప్పిందేంది? నువ్వు ఇంట్ల చెప్పిందేంది?"

"నేనేం అబద్ధం చెప్పలే. ఏం దొరకలే అన్న. నిజంగనే ఏం దొరకలేదు గద."

అని నవ్వాడు. చిన్న నవ్వు. బేరంలో గెలిచినవాడి నవ్వు. వక్కపొడి రంగు పళ్ళ సందుల్లో కనిపించింది. ఆ నోటితో రాత్రికి ప్రార్థన చేస్తాడు, ఆ నోటితోనే స్తోత్రం అంటాడు.

"అమ్మ మోకాళ్ళ మీద కూసొని ఏడుస్తుంటే ఆగమ్మా అని ఎట్లనాలె? నువ్వుంటే అందువా?"

"అందును."

"నువ్వంటవ్. నీకేంది."

"నా మెడ గిడియోన్ ఇది."

"ఎరుకే."

"ఎరుకనా?" సలోమి గొంతు తగ్గింది. తగ్గేకొద్దీ మాట గట్టిపడింది. "ఊరంత ముట్టిండ్రు దీన్ని. పాలామె ముట్టింది. బజార్ల పేరు తెల్వనామె ముట్టింది. నువ్వొక్కనివే ముట్టలే. రాత్రి నా చెయ్యి తగిలితే గూడ అటు తిరిగి పండుకుంటున్నవ్. నేను చూస్తలేననుకున్నవా?"

గిడియోన్ వైరు చుట్టడం ఆపాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు కూడా.

సలోమి ఎదురు చూసింది. భయమైతున్నదే అంటే చాలు. ఆ ఒక్క మాటకు ఈ వారం మొత్తం క్షమించేద్దును అనుకుంది.

"గా టేపు ఇటియ్యి," అన్నాడు గిడియోన్.

టేపు ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. సలోమి దాన్ని చూసింది, దాటుకుని లోపలికి నడిచింది.

*

మామగారు జయానందం హాల్లో పేపరు వెనక ఉన్నారు. బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కాయితం మీద తప్పు కనిపిస్తే పెన్ను తీస్తారు. ఇంట్లో తప్పు కనిపిస్తే పేజీ తిప్పుతారు.

"మామయ్యా, రేపు నాతోని హైదరాబాద్ వస్తరా? తోడు మనిషి లేకుంటే తియ్యరట."

పేపరు కొంచెం దిగింది. పైన కళ్ళద్దాలు కనిపించాయి. అవి కోడలివైపు ఒకసారి, లోపలి గది వైపు ఒకసారి చూశాయి.

"మోకాళ్ళు సహకరిస్తలేవమ్మా. బస్సెక్కుడు కష్టమే నాకు."

ఆదివారం ఆ మోకాళ్ళే పక్కింటాయనతో ఏడుపాయల దాకా బండి మీద పోయి చేపలు తెచ్చాయి. సలోమి అది అనలేదు. ఆయనకూ గుర్తుందన్న సంగతి పేపరు మళ్ళీ లేచిన వేగంలోనే తెలిసింది.

"కూరల ఉప్పు ఎవరన్న చూసిండ్రా?" అన్నారు పేపరు వెనకనుంచి.

లోపలి గదిలో సౌభాగ్యమ్మ మంచం మీద చీర పరిచి ఉంచింది. పక్కనే జాకెట్టు. మెడ దిగిన జాకెట్టు, పెళ్ళినాటిది. కోడలు బయటికి వేసుకుపోతే తానే వద్దనేది దాన్ని.

"ఇదేందత్తమ్మా?"

"అందరికి కనపడాలె బిడ్డా. మెడ మంచిగ కనపడాలె." ప్రార్థన నూనె సీసా మూత తీస్తోంది. "ఇట్ల కూసో."

సలోమి కూర్చోలేదు. సౌభాగ్యమ్మే లేచి వచ్చింది. అరచేతిలో పోసుకున్న నూనె గోరువెచ్చగా మెడ మీద పడి, వేళ్ళ సందుల్లోంచి కిందికి జారి, రవికలోకి పాకింది. పాత సీసా. నూనె ముక్కిన వాసన వేస్తోంది.

"నాలుగు మాటలు చాలు. పరేషాన్ గాకు. డాక్టర్లు గడ్డన్నరు, సూది పెట్టి చూస్తే ఏం లేదన్నరు, ఇది దేవుని కార్యం అను. అంతే. మిగిలింది నేను జెప్త."

"నేను చెప్పలేనత్తమ్మా."

"ఎందుకు?"

"లేదని వాళ్ళనలేదు. తెల్వదన్నరు. క్యాన్సరో కాదో..."

"ఆ మాట అనకు!"

నూనె చెయ్యి గాలిలోనే ఆగింది. సౌభాగ్యమ్మ ముఖంలో నెత్తురు లేదు.

"ఆ మాట నా ఇంట్ల అనకు. మా చెల్లెకు గదే మాటన్నరు. అన్ననాటి సంది అది మనిషి లెక్క లేకుండె. అది పండుకున్న అర్రలకు నేనొక్కదాన్నే పోతుంటి. ఎవ్వలు రాకపోదురు. ఆ వాసన..." మాట మింగేసింది. "ఇంకా ముక్కులనే ఉన్నది నాకు. నువ్వు గా మాట అనకు బిడ్డా. అన్నవనుకో..."

ఒక్క క్షణం సలోమికి అత్త మీద జాలి కలిగింది. ఫోనుల్లో హల్లెలూయలు అరిచిన మనిషి కాదు ఈమె. వాసనకు భయపడుతున్న మనిషి.

"అందుకేనత్తమ్మా తొందరగ చూపించుకోవాలె. రేపు నువ్వే రారాదు నాతోని?"

సౌభాగ్యమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. వేలు వేలూ విడివిడిగా తుడుచుకుంది.

"అందరికి చెప్పిన. అయ్యగారికి గూడ చెప్పిన," అంది చివరికి. "ఇప్పుడు నువ్వు కాదంటే నేను ఎట్ల తలెత్తుకోవాలె సలోమీ?"

జాలి ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. నూనె మాత్రం మెడ మీద ఉండిపోయింది.

*

వాకిలి నిండిపోయింది. బిర్యానీ వాసన షామియానా కిందికి వచ్చి కూర్చుంది. పాటలు పాడుతూనే కొందరు మెడలు తిప్పి వంట దేగిసాల వైపు చూస్తున్నారు.

అయ్యగారు కూర్చోబోయే ముందు సలోమిని పలకరించారు. ముఖం చూసి పలకరించారు. "డాక్టరుగారు ఏమన్నరమ్మా? రిపోర్టు చూసుకున్నరు గద?"

సలోమి నోరు తెరిచేలోగా గిడియోన్ అందుకున్నాడు. "అంత మంచిగనే ఉన్నదయ్యగారూ. రాండ్రి, ఇట్ల కూసోండ్రి. ఫ్యాను ఇటు తిప్పుత."

ఆయన తల పంకించి కూర్చున్నారు. భర్త చెప్పాక ఇంకెవరిని అడుగుతారు?

సౌభాగ్యమ్మ చాలాసేపు మాట్లాడింది. ఉపవాసాలు, కన్నీళ్ళు, దర్శనం. కోడలి గడ్డ ఆమె మాటల్లో మొదట రేగుపండంత ఉండి, నిమ్మకాయంతై, చివరికి మాయమైంది. అందరూ స్తోత్రం అన్నారు.

"ఇప్పుడు నా కోడలు తన నోటితోని చెప్తది."

మైకు చేతికి వచ్చింది. దాని తలకు ఎవరి నోటి తడో ఇంకా అంటుకునే ఉంది. సలోమి దాన్ని కొంచెం దూరంగా పట్టుకుంది. మెడ దిగిన జాకెట్టు వేసుకోలేదు. కానీ కొంగు తీసి భుజం మీద వేసుకుంది. ట్యూబులైటు నేరుగా మెడ మీద పడేలా ఒక అడుగు ముందుకు జరిగింది.

"అందరికి వందనాలు. ఎవరన్న జర నీళ్ళిస్తరా?"

స్టీలు గ్లాసు చేతులు మారుతూ వచ్చింది. ఏడుపు ఆపుకోవడానికి తాగుతోందని ముందు వరసలో ఒకామె అప్పుడే కళ్ళొత్తుకుంది.

సలోమి గడ్డం పైకెత్తింది. నోట్లో నీళ్ళు పోసుకుని, తొందరపడకుండా, ఒక్కొక్క గుక్కే మింగింది.

గడ్డ లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

స్తోత్రం అనబోయిన నోళ్ళు అలాగే ఆగిపోయాయి. "అయ్యో, ఉన్నది గదనే," అంది కళ్ళొత్తుకున్నామె, అందరికీ వినపడేలా.

"ఉన్నది," అంది సలోమి. "చూస్తిరి గద. ముట్టాల్సిన పని లేదు, నీళ్ళు తాగితే కనపడతది. మంచిదో చెడ్డదో ఇంకా ఎవ్వలకు తెల్వది. తీసింది సరిపోలేదు, మళ్ళ తియ్యాలన్నరు. రేపే. నేను ప్రార్థన కాదంటలేను. పోనిది పోయిందని దేవుని పేరు మీద నేను చెప్పలేను."

"సలోమీ," అంది సౌభాగ్యమ్మ. పిలుపులా లేదు. ఎవరో చేతిలోంచి గిన్నె జారవిడిచినట్టుంది.

"మీరందరు నా మెడ మీద చేతులు పెట్టిండ్రు. ఇప్పుడు నాకు ఒక్క చెయ్యి చాలు. రేపు పొద్దుగాల బస్సుకు పోతున్న. తోడు మనిషి లేకుంటే..."

మైకు గొంతు పడిపోయింది. సలోమి పక్కకు చూసింది. గిడియోన్ యాంప్లిఫయరు మీద వంగి ఉన్నాడు. అతని వేళ్ళు సౌండు తగ్గించే బిరడ మీద ఉన్నాయి. మెల్లగా, ఎవరూ గమనించరన్నట్టు, తిప్పుతున్నాడు.

ఆమె మెడను ఒక్కసారీ తాకని వేళ్ళు.

సలోమి మైకు కుర్చీ మీద పెట్టేసింది.

"తోడు మనిషి లేకుంటే లోపలికి పంపరు," అంది మామూలు గొంతుతో. అది ఆ వాకిలికి సరిపోయింది. "ఎవరొస్తరో చెయ్యి లేపుండ్రి."

చేతులు ఏం చేస్తున్నాయో చూసింది సలోమి. కొన్ని పాటల పుస్తకం మూశాయి. కొన్ని పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాయి. కొలత పేరుతో నొక్కిన చెయ్యి కొంగు సర్దుకుంది. మామగారి చేతులు మోకాళ్ళ మీదికి చేరాయి, నొప్పి గుర్తొచ్చినట్టు. అత్త చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అయ్యగారు కుర్చీలోంచి లేస్తూ ఏదో చెప్పబోయారు.

అప్పుడు దేగిసాల వెనక ఒక చెయ్యి లేచింది.

మసాలా అంటిన చెయ్యి. పసుపెక్కిన గోళ్ళు. ఆ బొటనవేలిని సలోమి కళ్ళు మూసుకున్నా గుర్తుపడుతుంది.

"నేనొస్త," అంది ఎలిశిబక్క.

"ఎలిశిబా, నువ్వు వడ్డించే పని చూడు," అంది సౌభాగ్యమ్మ.

"వడ్డించుడు ఎవరన్న చేస్తరమ్మా."

కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చింది. ఇంతమందిలో ఈ చెయ్యేనా? రేపు బస్సులో పక్కన కూర్చుని దారి పొడుగునా నొక్కుతూనే వస్తుంది కదా. ఆ వేలు గుర్తొచ్చి సలోమి తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

ఎలిశిబక్క అది చూసింది. అక్కడే ఆగింది.

"నీకు అసహ్యమైతున్నదని నాకెరుకే చెల్లే," అంది, సలోమికి మాత్రమే వినపడేలా. "ఏం చెయ్యాలె. పోల్చి చూసుకుంటానికి నాకు ఇంకో మెడ లేకుండె."

కొంగు విప్పింది. ఎన్నేళ్ళుగానో విప్పని చుట్టు. సలోమి చెయ్యి పట్టుకుని, ఆ వేళ్ళను తన మెడ మీద, ఎడమవైపు, చర్మం ముడతల కింద ఆనించింది.

గట్టిగా ఉంది. సలోమిదానికంటే పెద్దది.

"ఎవరికి చెప్పాలె? నాకెవలున్నరు తోలుకపోనీకి?" అంది ఎలిశిబక్క. "నీది మింగితే పైకి పోతది. మంచిదే అన్నడు గద మీ డాక్టరు. నాది చూడు."

మింగింది.

సలోమి చెయ్యి తీయలేదు. ఆ మెడ చెమటతో, పొగతో, మసాలాతో జిడ్డుగా ఉంది. అయినా వేలు ఇంకొంచెం దగ్గరగా ఆనించింది.

"ఇంకొక్కసారి మింగక్కా."

ఎలిశిబక్క కళ్ళు మూసుకుని మింగింది.

వేలి కింద ఏదీ కదలలేదు.